జపాన్ నమూనా ఎలా తయారైంది, దాని భారం ఎవరు మోశారు

1950 జూన్‌లో టొయోటా మోటార్ అధ్యక్షుడు కీచిరో టొయోడా రాజీనామా చేశారు. ఉద్యోగులెవరినీ తీసేయబోనని అంతకు కొన్ని నెలల ముందే ఆయన కార్మిక సంఘానికి మాట ఇచ్చారు. బదులుగా కార్మికులు జీతాల్లో కోతకు ఒప్పుకున్నారు. ఆ మాట నిలబడలేదు. అమ్మిన ట్రక్కులకు డబ్బు వసూలు కావడం లేదు, జీతాలు ఆలస్యమవుతున్నాయి. బ్యాంక్ ఆఫ్ జపాన్ నగోయా శాఖ చొరవ తీసుకుని బ్యాంకులను ఒకచోట కూర్చోబెట్టి అప్పు ఇప్పించింది గానీ, దాని వెంటే షరతులూ వచ్చాయి: అమ్మకాల విభాగాన్ని వేరే కంపెనీగా విడగొట్టాలి, సిబ్బందిని తగ్గించుకోవాలి. రెండు నెలల సమ్మె తర్వాత 1,600 మందికి పైగా ఉద్యోగాలు వదిలి వెళ్లిపోయారు. అధ్యక్షుడూ వెళ్లిపోయారు. అదే నెల 25న కొరియా యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం నుంచి ట్రక్కులకు ఆర్డర్లు వచ్చాయి, కంపెనీ బతికింది.

ఒకసారి చేరితే రిటైరయ్యేదాకా ఉద్యోగం, కంపెనీ అంటే కుటుంబం అనే మాటలకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపించే సంస్థ చరిత్రలో ఇదొక అధ్యాయం. జపాన్ ఎదుగుదల గురించి మన దగ్గర ఎక్కువగా వినిపించే వివరణ వేరు: క్రమశిక్షణ, దేశభక్తి, సమురాయ్ సంస్కారం. ఆ గుణాలు జపనీయులకు లేవని ఎవరూ అనరు. కానీ అసలు కారణం అవే అయితే, అదే మనుషులు, అదే సంస్కృతి ఉన్న దేశం 1990 తర్వాత ముప్పై ఏళ్ల పాటు ఎందుకు కదల్లేకపోయిందో చెప్పడం కష్టం. జపాన్ వ్యవస్థలో ఒక్కో భాగం ఎప్పుడు పుట్టిందో దాదాపు తేదీతో సహా చెప్పవచ్చు. చాలా భాగాలు ఏదో ఒక సంక్షోభం మధ్యలో, వచ్చిన నష్టాన్ని ఎవరి మీద వేయాలన్న తగువులోంచి పుట్టాయి. ఆ తగువును పట్టుకుని చదివితే ఈ నూట యాభై ఏళ్ల చరిత్ర చాలా తేటపడుతుంది.

బియ్యం లెక్కల నుంచి నగదు పన్ను దాకా

చక్రవర్తి పేరుతో దేశాన్ని ఏలిన సైనిక పాలకులు తోకుగావా షోగన్ల కాలంలో (1603–1868) ఒక ప్రభువు స్థాయిని ఆయన భూముల్లో పండే బియ్యాన్ని బట్టి, 'కొకు' అనే కొలతలో చెప్పేవారు. పన్ను కూడా ఎక్కువగా బియ్యమే. అయితే ఆ ప్రభువులు ఏడాది విడిచి ఏడాది షోగన్ల రాజధాని ఎదో (నేటి టోక్యో)లో ఉండాలి, భార్యాబిడ్డలను ఎప్పటికీ అక్కడే ఉంచాలి. రెండు ఇళ్ల ఖర్చు, వందలమంది పరివారంతో ప్రయాణాల ఖర్చు. వీటికి నగదు కావాలి కాబట్టి పన్నుగా వచ్చిన బియ్యం ఒసాకాకు చేరి అమ్ముడుపోయేది. అక్కడి దోజిమా బియ్యం మార్కెట్‌ను 1730లో షోగన్ ప్రభుత్వం అధికారికంగా గుర్తించింది. సరుకు చేతులు మారకుండా, రాబోయే రోజుల ధర మీద పుస్తకాల్లోనే లావాదేవీలు జరిగేవి. ఇప్పుడు ఫ్యూచర్స్ ట్రేడింగ్ అంటున్నది అదే. మిత్సుయి కుటుంబం 1673లో ఎదోలో తెరిచిన బట్టల కొట్టులో బేరాలు లేవు, అప్పు లేదు, రాసిన ధరకు నగదు ఇచ్చి కొనుక్కోవడమే. పాశ్చాత్యుల ఓడలు వచ్చేనాటికి జపాన్‌లో యంత్రాలు లేకపోవచ్చు, కానీ వ్యాపారం తెలుసు, హుండీలు (డబ్బు చెల్లింపు పత్రాలు) తెలుసు, లెక్కలు రాయగల జనం ఉన్నారు.

1853లో అమెరికా నౌకాదళ అధికారి పెర్రీ యుద్ధనౌకలతో వచ్చాడు. 1858లో కుదిరిన ఒప్పందాలు జపాన్‌కు తన దిగుమతి సుంకాలను తానే నిర్ణయించుకునే హక్కు లేకుండా చేశాయి. ఆ హక్కు పూర్తిగా తిరిగి వచ్చింది 1911లో. అంటే 1868లో షోగన్లను దించి వచ్చిన మెయిజీ ప్రభుత్వానికి తొలి పరిశ్రమల చుట్టూ సుంకాల గోడ కట్టే అవకాశమే లేదు. పెద్దగా విదేశీ అప్పులూ తీసుకోలేదు. మరి పెట్టుబడి ఎక్కడిది? నేల నుంచి వచ్చింది. 1873 భూమి పన్ను సంస్కరణ ప్రకారం రైతు తన భూమి విలువలో 3 శాతాన్ని ఏటా నగదుగా కట్టాలి. పంట పండినా ఎండినా, ధర ఉన్నా లేకున్నా అంతే. తిరుగుబాట్లు వచ్చాక 1877లో దాన్ని 2.5 శాతానికి తగ్గించారు. సమురాయ్‌లకు తరతరాలుగా వస్తున్న భత్యాలను 1876లో రద్దు చేసి బాండ్లు చేతిలో పెట్టారు. మరుసటి ఏడాది సత్సుమా ప్రాంత సమురాయ్‌ల తిరుగుబాటును అణచడానికి ప్రభుత్వం నోట్లు అచ్చేసింది, ద్రవ్యోల్బణం ఎగసింది, ఆ బాండ్ల విలువ కరిగిపోయింది.

1881లో ఆర్థిక మంత్రి అయిన మత్సుకటా మసయోషి దీన్ని మొరటుగా సరిచేశారు. నోట్లు వెనక్కి తీసుకున్నారు, ఖర్చు కోశారు, 1882లో బ్యాంక్ ఆఫ్ జపాన్ పెట్టారు. కరెన్సీ నిలబడింది. కానీ బియ్యం, పట్టు ధరలు కుప్పకూలాయి, పన్ను మాత్రం నగదులో అంతే ఉంది. అప్పులు తీర్చలేని రైతులు భూములు పోగొట్టుకుని కౌలుదారులయ్యారు. పట్టు పురుగులు పెంచుకుని బతికే చిచిబు కొండ ప్రాంత రైతులు 1884లో ఆయుధాలు పట్టారు, సైన్యం అణచివేసింది. ఆధునిక జపాన్ ఆర్థిక పునాదికి తొలి మూల్యం చెల్లించింది వీళ్లే. ఈ కథ చెప్పేటప్పుడు వీళ్లను పక్కన పెట్టడం అన్యాయం.

ప్రభుత్వం తానే పెట్టిన ఫ్యాక్టరీల సంగతి చాలామంది అనుకునేంత గొప్పగా లేదు. ఫ్రెంచి యంత్రాలతో 1872లో మొదలైన తోమియోకా పట్టు మిల్లు ఎందరో అమ్మాయిలకు పని నేర్పింది గానీ లాభాలు చూసింది తక్కువ. 1880ల నుంచి ఇలాంటివాటిని ప్రైవేటు కుటుంబాలకు అమ్మేశారు. నాగసాకి ఓడల కార్ఖానా మిత్సుబిషికి, మియికే బొగ్గు గని మిత్సుయికి దక్కాయి. జైబత్సు అని పిలిచే కుటుంబ వ్యాపార సామ్రాజ్యాలు ఈ కొనుగోళ్లతో బలపడ్డాయి.

నిజంగా దారి మార్చింది 1883లో పని మొదలుపెట్టిన ఒసాకా నూలు మిల్లు. 10,500 కదుళ్లు, బ్రిటిష్ యంత్రాలు, పూర్తిగా ప్రైవేటు వాటాల డబ్బు. వెనకున్నది షిబుసావా ఎయిచి. దాదాపు 500 సంస్థల స్థాపనలో చేయి ఉన్న ఆయన ముఖమే 2024 జులై నుంచి 10,000 యెన్ నోటు మీద ఉంది. ఈ మిల్లు రాత్రీ పగలూ రెండు షిఫ్టుల్లో నడిచింది. ఖరీదైన యంత్రం ఒక్క గంట కూడా ఖాళీగా ఉండకూడదన్న లెక్క అది. పత్తి కోసం మిల్లులు భారత్ వైపు చూశాయి. బ్రిటిష్ ఓడల కంపెనీ బొంబాయి–జపాన్ రవాణాలో ఎక్కువ చార్జీలు గుంజుతుంటే, 1893లో జపాన్ ఓడల కంపెనీ నిప్పన్ యూసెన్ జంషెట్జీ టాటాతో చేతులు కలిపి బొంబాయి లైను తెరిచింది. 1897 నాటికి జపాన్ నూలు ఎగుమతులు దిగుమతులను దాటేశాయి. చైనా మార్కెట్లో ఆ నూలు పక్కకు నెట్టింది బొంబాయి మిల్లుల నూలునే. మన పత్తి కొని మన గిరాకీనే తీసుకుపోయారన్నమాట.

ఆ మిల్లుల్లో పనిచేసింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఏజెంట్లు తండ్రులకు అడ్వాన్సు ఇచ్చి తీసుకొచ్చేవారు. హాస్టళ్లకు తాళాలు, పన్నెండు గంటల షిఫ్టులు, క్షయ. ప్రభుత్వమే 1903లో వెలువరించిన కార్మికుల స్థితిగతుల నివేదికలో ఇవన్నీ నమోదయ్యాయి. చాలా మిల్లుల్లో ఏడాది తిరిగేసరికి సగానికి పైగా కార్మికులు మారిపోయేవారు. పారిపోయేవారు కొందరు, పక్క మిల్లు ఎగరేసుకుపోయినవారు కొందరు. జీవితాంతం ఒకే కంపెనీని అంటిపెట్టుకుని ఉండటం జపనీయుల రక్తంలోనే ఉందని చెప్పేవారు ఆ నివేదిక చూడాలి. పనిగంటలను అదుపు చేసే ఫ్యాక్టరీ చట్టం 1911లో చేసినా, అమల్లోకి వచ్చింది 1916లో.

వాటాదారుల రాజ్యం, దాని పతనం

చైనాపై 1894–95 యుద్ధంలో గెలిచి తీసుకున్న పరిహారంతో 1897లో బంగారు ప్రమాణం (యెన్ విలువను బంగారానికి ముడిపెట్టే పద్ధతి), 1901లో యవాటా ఉక్కు కర్మాగారం వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో యూరప్ పోటీ తప్పుకోవడంతో జపాన్ అప్పుల దేశం నుంచి అప్పిచ్చే దేశమైంది. 1918లో బియ్యం ధరలు పేలి దేశమంతా అల్లర్లు జరిగాయి. 1920లో మార్కెట్ కూలింది, 1923లో భూకంపం టోక్యోను నేలమట్టం చేసింది, ఆ మొండి బకాయిలను దాస్తూ దాస్తూ వస్తే 1927లో బ్యాంకులే పడిపోయాయి. డిపాజిటర్లు చిన్న బ్యాంకుల్లోంచి డబ్బు తీసి అయిదు పెద్ద బ్యాంకుల్లో పెట్టుకున్నారు. నష్టాన్ని బయటపెట్టకుండా వాయిదా వేసే అలవాటు అప్పటికే ఉందన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఇనౌయే జున్నొసుకే ఆర్థిక మంత్రిగా 1930 జనవరిలో యెన్‌ను పాత రేటుకే తిరిగి బంగారానికి ముడిపెట్టారు. ప్రపంచ మాంద్యం మొదలై మూడు నెలలైనా కాలేదు. అమెరికన్లు పట్టు మేజోళ్లు కొనడం తగ్గించగానే జపాన్ పల్లెల్లో పొయ్యి వెలగని పరిస్థితి వచ్చింది. ఈశాన్యంలో రైతులు కూతుళ్లను అమ్ముకున్నారు. 1931 డిసెంబరులో ఆర్థిక మంత్రిగా వచ్చిన తకహాషి కొరెకియో బంగారం ముడి తెంచారు, యెన్ విలువ పడనిచ్చారు, ప్రభుత్వ బాండ్లను నేరుగా కేంద్ర బ్యాంకు చేత కొనిపించి ఖర్చు పెంచారు. చాలా దేశాల కంటే ముందే జపాన్ కోలుకుంది. చవకైన జపాన్ బట్ట ముంచెత్తడంతో 1933లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం బ్రిటన్‌ది కాని నూలు బట్ట మీద సుంకాన్ని 75 శాతానికి పెంచింది. జపాన్ మిల్లులు భారత పత్తి కొనడం ఆపేశాయి. ఎంత పత్తి కొంటే అంత బట్ట అమ్ముకోవచ్చనే లెక్కతో 1934లో రాజీ కుదిరింది. ఇక తకహాషి, ఆర్థిక వ్యవస్థ కుదుటపడ్డాక సైన్యం ఖర్చుకు కళ్లెం వేయబోయారు. 1936 ఫిబ్రవరి 26న సైనికాధికారులు ఆయన్ను ఇంట్లోనే చంపారు.

అప్పటిదాకా ఉన్న జపాన్ పెట్టుబడిదారీ విధానం ఇప్పుడు మనకు తెలిసిన దానికంటే చాలా వేరు. పెద్ద కంపెనీలు షేర్లు, బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకునేవి. వాటాదారులు డైరెక్టర్లుగా కూర్చుని భారీ డివిడెండ్లు పుచ్చుకునేవారు. పని లేనప్పుడు మనుషులను తీసేయడం మామూలు.

యుద్ధం మార్చింది దీన్నే. 1938 జాతీయ సమీకరణ చట్టం ప్రభుత్వానికి మనిషి మీద, సరుకు మీద, పెట్టుబడి మీద అధికారం ఇచ్చింది. 1939లో డివిడెండ్లకు పరిమితి పెట్టారు. జీతం చేతికి రాకముందే పన్ను పట్టుకునే పద్ధతి 1940లో వచ్చింది. 1942లో కేంద్ర బ్యాంకును ప్రభుత్వ ఆజ్ఞకు లోబరిచే చట్టం చేశారు, అది 1998 దాకా మారలేదు. అదే ఏడాది ఆహార నియంత్రణ చట్టం వచ్చింది. పండించిన వాడికి ఎక్కువ ధర, భూస్వామికి తక్కువ ధర చెల్లించడంతో భూస్వామి పట్టు అప్పుడే సడలింది. 1944లో ఒక్కో ఆయుధ కంపెనీకి ఒక్కో బ్యాంకును కేటాయించి, దానికి కావలసిన అప్పు ఇచ్చే బాధ్యత ఆ బ్యాంకు మీదే పెట్టారు. యుద్ధం తర్వాత 'మెయిన్ బ్యాంక్' అని పేరుపడిన బంధాల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. ఆక్రమిత మంచూరియా (ఈశాన్య చైనా)లో ప్రణాళికలు నడిపి వచ్చిన కిషి నొబుసుకే లాంటి అధికారులు దీని వెనక ఉన్నారు. ఆయనే 1957లో ప్రధాని అయ్యారు.

దీన్నిబట్టి యుద్ధానంతర జపాన్ అంతా '1940 వ్యవస్థ' కొనసాగింపేనని వాదించే ఆర్థికవేత్తలున్నారు. ఆ వాదంలో బలం ఉంది గానీ అందులో సగం కథే ఉంది. సంఘం పెట్టుకునే హక్కు, గుత్తాధిపత్య నిషేధం, భూమి దున్నేవాడి చేతికి రావడం యుద్ధ ప్రభుత్వం ఇచ్చినవి కావు.

రాజీ కుదిరిన పదిహేనేళ్లు

అమెరికా ఆక్రమణ అధికారులు జైబత్సుల హోల్డింగ్ కంపెనీలను (ఇతర కంపెనీల షేర్లు పట్టుకుని వాటిని అదుపు చేసేవి) రద్దు చేశారు, 1947లో గుత్తాధిపత్య నిరోధక చట్టం తెచ్చారు. భూసంస్కరణతో కౌలు భూమి దాదాపు 46 శాతం నుంచి 10 శాతానికి పడిపోయింది. మన దగ్గర సీలింగ్ చట్టాలు కాగితాల మీద మిగిలిపోవడం చూసినవారికి ఈ అంకె విలువ తెలుస్తుంది. అక్కడ అది జరగడానికి కారణాలున్నాయి: భూస్వాములకు రాజకీయ బలం పోయింది, పైన విదేశీ సైన్యం ఉంది, ఊరూరా ఎన్నికైన కమిటీల్లో కౌలు రైతులు కూర్చున్నారు, ఇక భూమికి ఇచ్చిన పరిహారాన్ని ద్రవ్యోల్బణం మింగేసింది. ఈసారి నష్టం భూస్వాముల మీద పడింది.

ప్రభుత్వం దొరికిన కాస్త ముడిసరుకునూ ముందు బొగ్గుకు, ఉక్కుకు మళ్లించింది. అప్పుల కోసం నోట్లు అచ్చేయడంతో ధరలు మండిపోయాయి. 1949లో డెట్రాయిట్ బ్యాంకర్ జోసెఫ్ డాడ్జ్ వచ్చి బడ్జెట్‌ను బలవంతంగా మిగులులోకి తెచ్చి, డాలరుకు 360 యెన్‌ల రేటు ఖాయం చేశారు. ఆ రేటు 1971 దాకా నిలిచింది. టొయోటా కష్టాలకు తక్షణ కారణం ఆ పొదుపు దెబ్బే.

జీవితాంత ఉద్యోగం ఈ కాలపు కొట్లాటల్లోంచి వచ్చింది. 1946లో విద్యుత్ కార్మికులు వయసు, కుటుంబంలో ఎంతమంది ఉన్నారన్న దాన్నిబట్టి జీతం ఇవ్వాలని పోరాడి సాధించారు. వయసుతో పాటు జీతం పెరిగే పద్ధతికి అది పునాది. యాజమాన్యాలు ఎదురుదాడికి దిగాయి. 1953లో నిస్సాన్‌లో పోరాట సంఘం ఓడిపోయి, దాని స్థానంలో యాజమాన్యంతో సర్దుకుపోయే సంఘం వచ్చింది. 1960లో మియికే బొగ్గు గనిలో నెలల తరబడి సాగిన సమ్మె కూడా ఓటమితోనే ముగిసింది. కానీ గెలిచిన యాజమాన్యాలకు ఒక విషయం అర్థమైంది: మూకుమ్మడిగా మనుషులను తీసేస్తే కంపెనీకి తగిలే దెబ్బ చాలా పెద్దది. సంఘాలకూ సమ్మె ఖరీదు అర్థమైంది. మీరు కొత్త యంత్రాలకు, బదిలీలకు అడ్డు చెప్పకండి, మేం ఉద్యోగాలు తీయం అన్నదే ఆ రాజీ. 1955లో మొదలైన 'షుంతో' అనే వసంతకాలపు జీతాల బేరం దాన్ని ఏటేటా కొత్త చేసింది. 1975లో సుప్రీంకోర్టు సరైన కారణం లేని తొలగింపు చెల్లదని ఖాయం చేసింది. అంటే న్యాయస్థానం ముద్ర చివరికి పడింది, అలవాటు ముందే ఏర్పడింది.

ఈ రక్షణ ఎవరికి? పెద్ద కంపెనీల పర్మినెంట్ మగ ఉద్యోగులకు. దేశంలోని కార్మికుల్లో మూడో వంతుకు మించి ఎప్పుడూ దీని కిందికి రాలేదని సాధారణ అంచనా. ఆడవాళ్లు పెళ్లి కాగానే మానేయాలన్నది అలిఖిత నియమం, కొన్నిచోట్ల రాతపూర్వక నియమం కూడా. 1950ల మధ్యలో చిన్న ఫ్యాక్టరీల జీతాలు పెద్దవాటిలో సగానికి అటూఇటుగా ఉండేవి. గిరాకీ తగ్గితే పెద్ద కంపెనీ ముందు సబ్‌కాంట్రాక్టర్ ధర కోసేది, తర్వాత తాత్కాలిక కార్మికులను ఆపేది. కారుకు బంపర్ ఎలాగో, పెద్ద కంపెనీకి ఈ చిన్న కంపెనీలు అలా పనికొచ్చాయి: గుద్దుకున్నప్పుడు ముందు సొట్టపడేది అవే. అయితే ఈ బంధంలో దోపిడీ ఒక్కటే ఉందనడం సరికాదు. టొయోటా తన సరఫరాదారులకు ఇంజనీర్లను పంపింది, పద్ధతులు నేర్పింది, దశాబ్దాల పాటు ఆర్డర్లు ఇచ్చింది. సమయానికి సరిగ్గా కావలసినన్ని విడిభాగాలే తెప్పించుకునే ఉత్పత్తి పద్ధతి, సరఫరాదారుపై అంత నమ్మకం లేకుండా సాధ్యమయ్యేది కాదు.

డబ్బు సంగతి. ప్రజలు బ్యాంకుల్లో, పోస్టాఫీసుల్లో దాచుకున్నారు. వడ్డీ రేట్లను ప్రభుత్వం తక్కువగా పట్టి ఉంచింది. అంటే దాచుకున్నవాడు పరిశ్రమకు తెలియకుండానే సబ్సిడీ ఇచ్చాడు. మెయిన్ బ్యాంక్ కంపెనీ లెక్కలు లోపలి నుంచి చూసేది, కంపెనీ తడబడితే తన మనిషిని డైరెక్టరుగా పంపేది. ఒకరి షేర్లు ఒకరు కొనిపెట్టుకోవడంతో బయటివాడు కంపెనీని కొనేసే భయం పోయింది. విదేశీ మారకం అణాపైసలతో సహా ప్రభుత్వం కేటాయించేది కాబట్టి, వాణిజ్య పరిశ్రమల శాఖ (మిటి) ఊ అంటేనే యంత్రమైనా, లైసెన్సయినా దేశంలోకి వచ్చేది.

మిటి అధికారులు అన్నీ ముందే తెలిసిన జ్ఞానులన్న ప్రచారం మాత్రం నమ్మదగింది కాదు. సోనీగా మారబోయే చిన్న కంపెనీ ట్రాన్సిస్టర్ లైసెన్సుకు 25,000 డాలర్లు అడిగితే నెలల తరబడి తిప్పించుకున్నారు. చిబాలో కొత్త ఉక్కు కర్మాగారం కడతామన్న కవసాకి స్టీల్‌ను కేంద్ర బ్యాంకు గవర్నరే వ్యతిరేకించారు. 1953లో దాని కొలిమి వెలిగాక అదే సముద్రతీర ఉక్కు పరిశ్రమకు నమూనా అయింది. కార్ల కంపెనీలు ఎక్కువయ్యాయంటూ కొత్తవాటిని ఆపే బిల్లు 1963లో తెచ్చారు, అది పార్లమెంటులో నెగ్గలేదు. హోండా కార్ల తయారీలోకి వచ్చింది సరిగ్గా ఆ ఏడాదే. విధానం పనిచేసింది దానికి ఎదురు నిలిచిన వ్యాపారులు కూడా ఉన్నందువల్ల. మిటి మాట ప్రతిసారీ చెల్లి ఉంటే ఈ రెండు మూడు పేర్లు ఇవాళ మనకు తెలిసేవే కావు.

1960లో ప్రధాని ఇకెదా హయతో పదేళ్లలో జాతీయాదాయం రెట్టింపు చేస్తామన్నారు, అంతకంటే ముందే అయింది. 1968లో జపాన్ పశ్చిమ జర్మనీని దాటి పెట్టుబడిదారీ దేశాల్లో రెండో స్థానానికి వచ్చింది. 1955 నుంచి 1973 దాకా ఏటా సగటున 9 శాతానికి పైగా వృద్ధి. దాని బిల్లు సముద్రతీర పట్టణం మినమాటా ప్రజలకు వెళ్లింది. చిస్సో రసాయన ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల ద్వారా జాలరి కుటుంబాల నరాలను తినేసింది. వ్యాధిని అధికారికంగా గుర్తించింది 1956లో. సేంద్రియ పాదరసమే కారణమని కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చింది 1959లో. ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. నడుమ పన్నెండేళ్లు ఫ్యాక్టరీ నడిచింది. వృద్ధి లెక్కల పక్కన ఈ తేదీలు కూడా ఉండాలి.

బుడగ, ఆ తర్వాత దాచిపెట్టిన నష్టం

1973 చమురు దెబ్బకు 1974లో ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి, యుద్ధం తర్వాత మొదటిసారి ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. సంఘాలు జీతాల డిమాండు తగ్గించుకున్నాయి, కంపెనీలు మనుషులను తీసేయకుండా అనుబంధ సంస్థలకు బదిలీ చేశాయి, ఇంధనం వాడకం తగ్గించాయి. పాశ్చాత్య దేశాల కంటే త్వరగా బయటపడటంతో 'జపాన్ పద్ధతి' అనే ఆరాధన ప్రపంచమంతా మొదలైంది. వ్యవస్థ పునాదులు కదలడం మొదలైందీ అప్పుడే, ఎవరూ గమనించలేదు. ఎదిగిన పెద్ద కంపెనీలు మార్కెట్ల నుంచే డబ్బు తెచ్చుకోసాగాయి. మంచి ఖాతాదారులు వెళ్లిపోతుంటే బ్యాంకుల దగ్గర డిపాజిట్లు మాత్రం పెరుగుతూ పోయాయి. అవి భూమి తాకట్టు మీద రియల్ ఎస్టేట్‌కు వెళ్లాయి.

డాలరు విలువ తగ్గించాలని అయిదు పెద్ద దేశాలు చేసుకున్న 1985 సెప్టెంబరు ప్లాజా ఒప్పందం నాటికి డాలరుకు 240 యెన్‌ల దగ్గర ఉన్న రేటు ఏడాదిలోపే 160కి దిగువకు వచ్చింది. ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. కేంద్ర బ్యాంకు వడ్డీని 2.5 శాతానికి తగ్గించి 1989 దాకా అక్కడే ఉంచింది. అయిదేళ్లలో ఆరు పెద్ద నగరాల వాణిజ్య భూముల ధర దాదాపు మూడు రెట్లయింది. 1989 డిసెంబరు 29న టోక్యో షేర్ మార్కెట్ సూచీ నిక్కీ 38,915 వద్ద ముగిసింది. వడ్డీ 6 శాతానికి పెంచి, రియల్ ఎస్టేట్ అప్పులకు పరిమితి పెట్టేసరికి బుడగ పగిలింది.

పగలడం కంటే తర్వాత ఏడెనిమిదేళ్లు చేసిన పని ఎక్కువ హాని చేసింది. భూమి ధర మళ్లీ లేస్తుందన్న ఆశతో బ్యాంకులు మొండి బకాయిలను మొండి బకాయిలని రాసుకోలేదు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పిచ్చాయి, చచ్చిన కంపెనీలను నిలబెట్టాయి. ఆర్థిక శాఖ చూసీ చూడనట్టు ఊరుకుంది. ఏ బ్యాంకూ మునగకూడదన్న యుద్ధానంతర నియమం, వృద్ధి ఉన్నంతకాలం నష్టాలను కాలమే మాఫీ చేసేది కాబట్టి చెల్లింది. వృద్ధి ఆగాక అదే నియమం ఉరితాడైంది. 1997 నవంబరులో ఒకే నెలలో సాన్యో సెక్యూరిటీస్, హొక్కైదో తకుషొకు బ్యాంకు కూలాయి. నూరేళ్ల చరిత్ర ఉన్న యమాయిచి సెక్యూరిటీస్ లెక్కల్లో దాచిన నష్టాలతో మూతపడింది. మరుసటి ఏడాది రెండు పెద్ద దీర్ఘకాలిక రుణ బ్యాంకులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1998లో ఆత్మహత్యలు 30,000 దాటాయి. 2011 దాకా ఏటా అంతకు తగ్గలేదు.

కంపెనీలు పాత రాజీని తెంచలేదు, దాని గేటు మూసేశాయి. ఉన్న పర్మినెంట్ ఉద్యోగులను కాపాడటానికి కొత్తవారిని తీసుకోవడం ఆపేశాయి. జపాన్‌లో కాలేజీ నుంచి బయటికొచ్చిన ఏడాదే మంచి ఉద్యోగం దొరకాలి, ఆ ఏడాది తప్పితే తలుపు దాదాపు మూసుకుపోతుంది. దాంతో 1993 నుంచి 2000ల మొదటి సగం దాకా చదువు ముగించిన తరం 'ఐస్ ఏజ్ తరం'గా మిగిలిపోయింది. తాత్కాలిక కార్మికులను సరఫరా చేసే ఏజెన్సీలకు 1999లో దాదాపు అన్ని పనులకూ, 2004లో ఫ్యాక్టరీ పనులకూ అనుమతి వచ్చింది. పర్మినెంట్ కాని ఉద్యోగుల వాటా 1990లో 20 శాతం చుట్టూ ఉంటే, ఇప్పుడు 37 శాతం దరిదాపుల్లో ఉంది. మెయిజీలో రైతు, యుద్ధం తర్వాత భూస్వామి మోసిన నష్టాన్ని ఈసారి ఓటు బలం తక్కువ ఉన్న యువతరం నెత్తిన పెట్టారు. జీతం లేక పెళ్లి వాయిదా, పిల్లలు లేకపోవడం దాని కొనసాగింపే. జనాభా తగ్గుదలను ఆధునిక జీవనశైలి ఖాతాలో రాసేసే ముందు ఈ నిర్ణయాలను చూడాలి.

పాత బంధాల్లో కొన్ని నిజంగానే తెగాయి. హోల్డింగ్ కంపెనీల మీద నిషేధం 1997లో పోయింది. 1999లో ఫ్రెంచి కార్ల కంపెనీ రెనోకు వాటా ఇచ్చాక నిస్సాన్ ఫ్యాక్టరీలు మూసి, సరఫరాదారుల షేర్లు అమ్మేసింది. మొండి బకాయిల అసలు లెక్క తేల్చింది 2002 తర్వాతే. 2013 నుంచి కేంద్ర బ్యాంకు 2 శాతం ద్రవ్యోల్బణం లక్ష్యంతో బాండ్లు భారీగా కొంది, 2016లో వడ్డీని సున్నా కిందికి దించింది. 2015 కార్పొరేట్ పాలనా నియమావళి, 2023లో టోక్యో స్టాక్ ఎక్స్‌చేంజ్ ఒత్తిడి కలిసి వాటాదారుల మాటకు 1930ల తర్వాత మళ్లీ విలువ తెచ్చాయి. 2024 ఫిబ్రవరి 22న నిక్కీ 1989 శిఖరాన్ని దాటింది. జపాన్ పెద్ద కంపెనీల లాభాల్లో పెద్ద భాగం విదేశాల్లోని ఫ్యాక్టరీల నుంచి వస్తుంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి నడుస్తున్న ఇసుజు ప్లాంటు అలాంటిదే.

2024 మార్చిలో మైనస్ వడ్డీ ముగిసింది, 2025 జనవరికి రేటు 0.5 శాతానికి చేరింది. 2024 షుంతోలో పెద్ద సంఘాలు 5 శాతానికి పైగా పెంపు సాధించాయి, అప్పటికి 33 ఏళ్లలో అదే ఎక్కువ. అయినా ధరలతో పోల్చి చూస్తే 2022 నుంచి 2024 దాకా మూడేళ్లు వరసగా నిజ వేతనాలు తగ్గాయి. కారణం వెతికితే మళ్లీ చిన్న కంపెనీల దగ్గరికే వెళ్లాలి. సంస్థల్లో 99 శాతానికి పైగా, ఉద్యోగాల్లో దాదాపు 70 శాతం వాటివే. పెద్ద కంపెనీ కొనుగోలు ధర పెంచకపోతే వాళ్లు జీతం పెంచలేరు. 2024 మార్చిలో జపాన్ గుత్తాధిపత్య నిరోధక కమిషన్, 36 సరఫరాదారులకు ఇవ్వాల్సిన దాంట్లోంచి దాదాపు 300 కోట్ల యెన్‌లు అక్రమంగా కోసినందుకు నిస్సాన్‌ను తప్పుపట్టింది. 1956 నాటి సబ్‌కాంట్రాక్టు చట్టాన్ని 2025లో సవరించారు. చర్చకు కూర్చోకుండా కొనేవాడే ఏకపక్షంగా ధర నిర్ణయించడాన్ని 2026 జనవరి నుంచి నిషేధించారు. ఈ నిబంధన ఎంత గట్టిగా అమలవుతుందన్న దాని మీదే జీతాల పెంపు నగోయా, ఒసాకా శివార్లలోని వర్క్‌షాపుల దాకా చేరడం ఆధారపడి ఉంది.